ఈయన ఏ ఊరాయన?

ఈసారి మన పత్రికకు "నేను మెచ్చిన వ్యక్తి" అనే అంశం మీద వ్యాసం రాయమని మా తెలుగు సార్ చెప్పారు. మా పదో తరగతిలో ఉండేది 14 మందిమి. అందులో ఐదుగురు అబ్దుల్ కలాం గారి మీద, నలుగురు విశ్వేశ్వరయ్య గారి మీద రాస్తామన్నారు. నేను నటుడు ప్రకాష్ రాజ్ గారి మీద రాస్తానని చెబితే అందరూ నవ్వారు. "విలన్ మీద ఎవరైనా రాస్తారా?" అని నా పక్కన కూర్చునే స్నేహితురాలు అడిగింది. సార్ మాత్రం "ఎందుకు మెచ్చావో కారణాలు రాయి, చాలు" అన్నారు. నా కారణాలు ఇవి.

ముందే ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో ఆయనంటే ఎవరికీ పడదు. మా అవ్వ టీవీలో ఆయన కనిపిస్తే చాలు, "వీడు మళ్ళీ వచ్చినాడా! ఆ బిడ్డను బతకనీడు" అని తిడుతుంది. అవ్వ దృష్టిలో ఆయన ఇప్పటికీ 'ఒక్కడు' సినిమాలోని ఓబుల్ రెడ్డే. మా నాయనకు ఇంకో కారణం ఉంది. "నటించేవాడు నటించుకోవాల. ఈయనకు రాజకీయం ఎందుకు?" అంటాడు. మా నాయన మాలూరులో పెంకుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రాత్రి పూట ఇంటికొచ్చి వార్తలు చూస్తాడు. ఆయనకూ నాకూ ఈ విషయంలో చాలాసార్లు వాదన జరిగింది. ఇప్పటికీ తేలలేదు.

ప్రకాష్ రాజ్ గారు 1965 మార్చి 26న బెంగళూరులో పుట్టారు. మాలూరులో రైలెక్కితే మనం చేరుకునే ఊరే అది. కర్ణాటకలో ఆయన పేరు ప్రకాష్ రై. ఇప్పటికీ కన్నడం పేపర్లలో అట్లే రాస్తారు. మొదట నాటకాలు ఆడారు. బెంగళూరులోని రవీంద్ర కళాక్షేత్రంలో ఆడినవాటితోనే ఆయనకు నటన అబ్బింది. తర్వాత దూరదర్శన్‌లో కన్నడ ధారావాహికల్లో, ఆపైన కన్నడ సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశారు. 1992లో వచ్చిన 'హరకెయ కురి' అనే కన్నడ సినిమాలో ఆయనతో పాటు నటించిన గీత గారు ఆయనను తమిళ దర్శకుడు కె. బాలచందర్ గారికి పరిచయం చేశారు. బాలచందర్ గారు 1994లో 'డ్యూయెట్' సినిమాలో వేషం ఇచ్చారు. రై అనే పేరును రాజ్‌గా మార్చిందీ ఆయనే. అందుకే తెలుగులో, తమిళంలో ఆయన ప్రకాష్ రాజ్ అయ్యారు. ఒకే మనిషికి ఇంటి దగ్గర ఒక పేరు, బయట ఒక పేరు. మనలో చాలామందికి ఇది కొత్త కాదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, స్కూలు రిజిస్టర్‌లో కన్నడం స్పెల్లింగుతో ఉండే పేరు ఇంకొకటి.

ఆయనను క్యారెక్టర్ ఆర్టిస్ట్ అంటారు. అంటే హీరో కాదు, కానీ ఆ మనిషి లేకపోతే కథ నడవదు. హీరోకు తండ్రి కావాలి, హీరోయిన్‌కు మేనమామ కావాలి, ఊరికి ఒక దుర్మార్గుడు కావాలి, పోలీస్ స్టేషన్‌కు ఒక అధికారి కావాలి. వాళ్లందరూ ఆయనే అయ్యారు. 2003లో 'ఒక్కడు'లో ఓబుల్ రెడ్డి. 2006లో 'బొమ్మరిల్లు'లో కొడుకు వేసుకునే చొక్కా కూడా తనే ఎంచే తండ్రి. 2009లో 'ఆకాశమంత'లో కూతురు పెద్దదవుతుంటే తట్టుకోలేని తండ్రి. 2013లో 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో ఎవరినీ ఒక్క చెడ్డ మాట అనని తండ్రి. ఆ ఓబుల్ రెడ్డీ, ఈ పెద్దాయనా ఒకరే అని చెబితే మా అవ్వ నమ్మదు. "ఇతను వేరే, పోలిక అంతే" అంటుంది. నటుడికి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏముంటుంది అని నాకు అనిపిస్తుంది.

1998లో వచ్చిన 'అంతఃపురం' సినిమా గురించి మన కోలారు జిల్లా వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. కృష్ణవంశీ గారి దర్శకత్వం. అందులో ప్రకాష్ రాజ్ గారు రాయలసీమ పెద్ద, ఆయన కోడలు సౌందర్య గారు. సౌందర్య గారు మన ముళబాగిలు అమ్మాయి. మాట్లాడేది కన్నడం. ప్రకాష్ రాజ్ గారిదీ కన్నడమే. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తెలుగు ఇంటి మామాకోడళ్లుగా పోట్లాడుతుంటే తెలుగు రాష్ట్రంలో అందరూ కళ్లార్పకుండా చూశారు. ఆ వేషానికి ప్రకాష్ రాజ్ గారికి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస వచ్చింది. సౌందర్య గారు 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి బయలుదేరి, బెంగళూరు దగ్గర విమానం కూలి చనిపోయారు. ఆమెను తెలుగువాళ్లు ఇప్పటికీ తమ ఇంటి ఆడపిల్ల అనే అంటారు.

ప్రకాష్ రాజ్ గారు ఎక్కువ సినిమాల్లో తన గొంతు తనే చెప్పుకున్నారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందీ అన్నీ నేర్చుకున్నారు. మనం ఇంట్లో తెలుగు, బస్టాండులో కన్నడం, టీవీలో హిందీ, పక్కింటివాళ్లతో తమిళం మాట్లాడుతాము కాబట్టి ఇది పెద్ద విషయం కాదనిపించవచ్చు. కానీ బస్టాండులో మాట్లాడేది వేరే, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేలా మాట్లాడేది వేరే. 1997లో మణిరత్నం గారి తమిళ సినిమా 'ఇరువర్'లో రాజకీయ నాయకుడి వేషం వేసి, ఉత్తమ సహాయ నటుడుగా జాతీయ అవార్డు తీసుకున్నారు. ఆ భాష ఆయన ఇంటి భాష కాదు.

నేను ఆయనను మెచ్చడానికి మొదటి కారణం 'కాంచీవరం' అనే సినిమా. ప్రియదర్శన్ గారు తీసిన తమిళ సినిమా. దీనికి ప్రకాష్ రాజ్ గారికి ఉత్తమ నటుడుగా జాతీయ అవార్డు వచ్చింది. కథ స్వాతంత్ర్యానికి ముందు కాలంది. కంచిలో ఒక నేతగాడు. జీవితమంతా పట్టు చీరలు నేస్తాడు. కూతురి పెళ్లికి పట్టు చీర కట్టించాలని ఆశ. కానీ అతనికి వచ్చే కూలితో పట్టు చీర కొనడం జరగని పని. అందుకని రోజూ కొంచెం కొంచెం పట్టు దారం దాచి తెచ్చుకుంటాడు. అదే మనిషి కూలి పెంచాలని తోటి నేతగాళ్లను కూడగడతాడు. చివరికి ఏమవుతుందో నేను చెప్పను, మీరు చూడండి.

ఈ సినిమా చూసినప్పుడు మా అమ్మ నా పక్కనే కూర్చుంది. మా అమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. మన జిల్లాలో చాలా ఇళ్లలో ఉన్న పనే అది. రోజుకు ఎన్నోసార్లు మల్బరీ ఆకు కోసి వేయాలి. పురుగులు గూళ్లు కట్టే ముందు చంద్రికల మీదికి మార్చాలి. ఆ రోజుల్లో అమ్మ సరిగా నిద్రపోదు. గూళ్లు మార్కెట్‌కు పోతాయి, ఆ రోజు రేటు ఎంతుంటే అంతకే ఇవ్వాలి. ఇంతా చేసి అమ్మకు ఉన్న పట్టు చీర ఒకటే, పెళ్లి నాటిది. సినిమా అయ్యాక అమ్మ ఏమీ మాట్లాడలేదు. కొంచెంసేపటికి "వీడెవుడో గాని, మన కథ తెలిసినోడు" అంది. మా నాయన మాలూరులో లక్షల పెంకులు చేసిన చేతులతో మా ఇంటికి రేకులు కప్పాడు. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తట్టింది.

ఆయన 'పుట్టక్కన హైవే' అనే కన్నడ సినిమా నిర్మాణంలో కూడా భాగం పంచుకున్నారు. 2011లో వచ్చింది. ఒక పల్లెటూరి ఆడమనిషి భూమి పెద్ద రోడ్డు కింద పోతుంటే, ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగే కథ. దానికి ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. బెంగళూరు నుండి చెన్నైకి వేసిన ఎక్స్‌ప్రెస్ రోడ్డు మన మాలూరు తాలూకా మీదుగానే పోతుంది. కాబట్టి ఆ కథను మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

2022లో 'కె.జి.ఎఫ్. చాప్టర్ 2' వచ్చినప్పుడు మా ఊరి పిల్లలందరూ చూశారు. అందులో కథ చెప్పే మనిషి ప్రకాష్ రాజ్ గారే. ఆ సినిమా కల్పిత కథ. నిజం గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడ భూమి లోపల పనిచేసినవాళ్లలో ఎక్కువమంది తమిళంవాళ్లు, తెలుగువాళ్లు. వేరే ఊళ్ల నుండి వచ్చి, వేరే భాష మాట్లాడుతూ, ఈ నేలలో బంగారం తీసినవాళ్లు. వాళ్లు ఏ ఊరివాళ్లు అనాలి? ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక మా నాయనకు నచ్చని విషయానికి వస్తాను. 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో పత్రికా సంపాదకురాలు గౌరీ లంకేశ్ గారిని ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. ఆమె ప్రకాష్ రాజ్ గారికి ఎన్నో ఏళ్లుగా స్నేహితురాలు. ఆమె తండ్రి, రచయిత పి. లంకేశ్ గారు కూడా ఆయనకు దగ్గరివారు. ఆ హత్య జరిగినందుకు కొందరు ఫోన్లలో సంతోషంగా రాతలు రాశారు. తర్వాతి నెల మొదట్లో బెంగళూరులో జరిగిన ఒక యువజన సభలో ప్రకాష్ రాజ్ గారు లేచి, ఇట్లా సంతోషపడేవాళ్ల గురించి ప్రధానమంత్రి గారు ఎందుకు మాట్లాడటం లేదని అడిగారు. ఆ తర్వాత నుండి "ఊరికే అడుగుతున్నా" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో రోజూ ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు. ఆయన మాటల్ని మెచ్చినవాళ్లు ఉన్నారు, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. మాట్లాడటం మొదలుపెట్టాక హిందీ సినిమాల్లో తనకు అవకాశాలు రావడం లేదని 2018లో ఆయనే చెప్పారు.

మా నాయన అంటాడు, "చూడు, నోరు మూసుకోని ఉంటే ఇంకో పది సినిమాలు చేసుండేవాడు గదా." నేనన్నాను, "పది సినిమాల్లో ఇంకొకరు రాసిన మాటలు చెప్పుండేవాడు నాయనా. ఇవి ఆయన మాటలు." నాయన ఒప్పుకోలేదు. "ఆయనకు డబ్బుంది, అందుకే మాట్లాడతాడు. మేము ఫ్యాక్టరీలో ఒక మాట అంటే రేపు పని ఉండదు" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నాయన మాట నిజమే. కానీ నేను ఆలోచించేది ఏమిటంటే, డబ్బున్న నటులు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లందరూ మాట్లాడరు కదా.

2019లో ఆయన బెంగళూరు సెంట్రల్ నుండి పార్లమెంటుకు పోటీ చేశారు. ఏ పార్టీలోనూ చేరలేదు, స్వతంత్ర అభ్యర్థి. గెలిచినవారికి 6 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ప్రకాష్ రాజ్ గారికి 28 వేల పైచిలుకు. సమాజ పాఠంలో మనం చదివాము, పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఆయన డిపాజిట్ పోయింది. ఎవరు గెలవాలో ఓటర్లు తేల్చారు, అది వాళ్ల హక్కు. నాకు ఇంకా ఓటు లేదు, ఎవరికి వేయాలో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నేను చూసింది వేరే. తెర మీద ఒక్క అరుపుతో ఊరంతా వణికించే మనిషి, ఎండలో వీధి వీధికీ తిరిగి ఓడిపోయి, మర్నాటి నుండి మళ్ళీ ప్రశ్నలు అడిగారు.

2021లో ఇంకో ఎన్నిక వచ్చింది. హైదరాబాద్‌లో తెలుగు నటీనటుల సంఘం ఉంది, దాన్ని 'మా' అంటారు. దాని అధ్యక్ష పదవికి ఆయన నిలబడ్డారు. అప్పటికి తెలుగులో ఇరవై ఏళ్లకు పైగా నటిస్తున్నారు. 2015లోనే అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండారెడ్డిపల్లి అనే ఊరిని దత్తత తీసుకున్నారు. అయినా ఎన్నికల్లో వచ్చిన పెద్ద చర్చ ఏమిటంటే, ఈయన మనవాడా, బయటివాడా? అక్టోబరు 10న ఎన్నిక జరిగింది. మంచు విష్ణు గారు గెలిచారు. మరుసటి రోజే ప్రకాష్ రాజ్ గారు సంఘంలో తన సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నట్టు ప్రకటించారు. తన తల్లిదండ్రులు తెలుగువాళ్లు కాకపోవడం తన తప్పు కాదు కదా అనే అర్థం వచ్చేలా మాట్లాడారు.

ఈ విషయం చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఎందుకంటే మనకు ఇదే ప్రశ్న తిరగేసి వస్తుంది. మనం కర్ణాటకలో పుట్టాము, మన తాతలు ముత్తాతలు ఇక్కడే రాగులు పండించారు. కానీ మనది తెలుగు మీడియం బడి. బంధువుల పెళ్లికి చిత్తూరు పోతే "మీరు కర్ణాటకవాళ్లు, మీ తెలుగు అదో మాదిరి" అంటారు. ఇక్కడ "మీరు తెలుగువాళ్లు గదా" అంటారు. బెంగళూరులో పుట్టిన ఆయనను హైదరాబాద్‌లో బయటివాడు అన్నారు. అలా అన్నది మన భాష మాట్లాడేవాళ్లే. మనల్ని ఎవరైనా అంటే మనకు నొప్పి తెలుస్తుంది. మనవాళ్లు ఇంకొకరిని అంటే కూడా తెలియాలని నా అభిప్రాయం.

ఇటువంటి నటులు వేరే చోట్ల కూడా ఉన్నారు. బెలూన్లు కట్టిన ఇల్లు ఎగిరిపోయే 'అప్' అనే బొమ్మల సినిమా సార్ మాకు బడిలో చూపించారు. అందులో ముసలాయనకు గొంతు ఇచ్చిన అమెరికా నటుడు ఎడ్ ఆస్నర్. ఆయన కూడా క్యారెక్టర్ ఆర్టిస్టే. 'లూ గ్రాంట్' అనే టీవీ ధారావాహికలో పత్రికా సంపాదకుడి వేషంతో పేరు పొందారు. 1981లో అక్కడి నటుల సంఘానికి అధ్యక్షుడు అయ్యారు. 1982లో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం విషయంలో తన ప్రభుత్వం చేస్తున్నది సరికాదని బహిరంగంగా చెప్పి, అక్కడివాళ్ల వైద్యానికి చందాలు పోగుచేశారు. అదే ఏడాది ఆయన ధారావాహిక ఆగిపోయింది. చూసేవాళ్లు తగ్గారని టీవీ సంస్థ చెప్పింది, తన మాటల వల్లే ఆపారని ఆయన నమ్మారు. మన తెలుగులో కొంగర జగ్గయ్య గారు 1967లోనే ఒంగోలు నుండి లోక్‌సభకు గెలిచారు. నటుడికి రాజకీయం ఎందుకు అనే మా నాయన ప్రశ్న చాలా పాతది అన్నమాట.

నా రెండో కారణం నాకు జరిగిన విషయం. మన రాష్ట్రంలో పంచాయతీల్లో ఏటా పిల్లల గ్రామసభ పెడతారు. పోయిన సంవత్సరం నేనూ పోయాను. మా ఊరికి సాయంత్రం బస్సు బడి వదిలే ముందే పోతుంది. తర్వాతి బస్సు చీకటి పడ్డాక. ఆ మధ్యలో నడిచి రావాలి. దీనివల్లే మా వీధిలో ఇద్దరు అక్కలు పదో తరగతి తర్వాత చదువు మానేశారు. ఆ మాట చెప్పాలని లేచాను. కన్నడంలోనే మాట్లాడాను, మధ్యలో ఒకటి రెండు తెలుగు మాటలు వచ్చాయి. వెనక నుండి ఎవరో "ఆంధ్రా నుండి వచ్చిందా ఈ పాప?" అన్నారు. కొంతమంది నవ్వారు. నా కాళ్లు వణికాయి. ఆ క్షణంలో నాకు ప్రకాష్ రాజ్ గారు గుర్తొచ్చారని రాస్తే అబద్ధం అవుతుంది. నాకు ఆ అక్కలే గుర్తొచ్చారు. "మాది ఈ ఊరే. బస్సు సంగతి చెప్పండి" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోలేదు. రాసుకుంటామని చెప్పారు. రాసుకున్నారు కూడా, నేను చూశాను.

ఇంటికి వచ్చాక నాయనకు చెప్పాను. తిడతాడు అనుకున్నాను. కొంచెంసేపు ఊరికే ఉండి, "బస్సు టైము ఎన్నిగంటలకు మార్చమని అడిగితివి?" అన్నాడు. ఐదుంబావు అని చెప్పాను. "ఐదున్నర అడగాల్సింది, స్పెషల్ క్లాసులు ఉంటాయి గదా" అన్నాడు. ఆయన ప్రకాష్ రాజ్ గారిని ఇప్పటికీ మెచ్చడు, కానీ ఆ మాట నాకు చాలు.

ఇప్పుడు ప్రకాష్ రాజ్ గారు శ్రీరంగపట్టణం దగ్గర 'నిర్దిగంత' అనే నాటకాల కేంద్రం నడుపుతున్నారు. మొదలైన చోటికే, అంటే నాటకానికే, తిరిగి వచ్చారు. ఆయన చెప్పేవన్నీ ఒప్పు అని నేను అనను. నాకు అంత తెలియదు. కానీ ఒక మనిషి ఏ ఊరివాడు, ఏ భాషవాడు అనేదాన్ని బట్టి అతను ప్రశ్న అడగవచ్చా లేదా అని తేల్చకూడదు. ప్రశ్న సరైనదా కాదా అని చూడాలి. గనుల్లో దిగినవాళ్లది కె.జి.ఎఫ్., ఆకు కోసి పురుగులను పెంచినవాళ్లది పట్టు. అట్లే మనం బతుకుతున్న ఊరు మనది.

మా ఊరి బస్సు ఇంకా మారలేదు. ఈ ఏడు కూడా పిల్లల గ్రామసభ ఉంటుంది. ఈసారి నేను ఐదున్నర అని అడుగుతాను. తొమ్మిదో తరగతి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊళ్లో కూడా ఆ సభ జరుగుతుంది. మీ ప్రశ్న ఒక కాగితం మీద రాసుకొని పోండి. కన్నడం తడబడితే తడబడనీ, అడిగి రండి.